తలలు చూసిన మనిషి చెప్పాడట

మా ఇద్దరి కొట్లకీ మధ్య ఉన్నది ఒక చెక్క గోడ. అటువైపు సెలూను, ఇటువైపు నా కుట్టు మిషను. ఆ గోడ ఎంత పల్చనిదంటే అటుపక్క గుసగుసలాడినా ఇటుపక్క నేను సూదిలో దారం ఎక్కిస్తూ వినొచ్చు. వినాలని నాకేమీ సరదా లేదు. చెవులకి మూతలుండవు కాబట్టి విన్నాను. సెలూను అన్నయ్య గురించి ఈ వీధిలో ఎవరేం చెప్పుకున్నా, ఆ కుర్చీ దగ్గర అసలు ఎవరేమన్నారో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసి ఏం లాభమో మాత్రం నాకిప్పటికీ తెలియదు.

ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. పక్క కొట్టు కాబట్టి అన్నయ్య, ఆయన భార్య కాబట్టి వదిన. వీధిలో అందరూ ఆయన్ని ఊకొట్టాయన అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. కుర్చీలో కూర్చున్న మనిషి ఏం మాట్లాడినా ఆయన నోట్లోంచి వచ్చేది ఒకటే ముక్క, "ఊ". పొద్దున్న ఒకాయన వచ్చి కుళాయి నీళ్ళు రాకపోవడానికి కౌన్సిలరే కారణమని తిడితే ఊ. మధ్యాహ్నం ఆ కౌన్సిలరు తమ్ముడే వచ్చి మా అన్నంత మంచివాడు ఈ భూమ్మీద లేడంటే దానికీ ఊ. వానలు పడతాయన్నా ఊ, పడవన్నా ఊ.

ఇంట్లో కూడా అంతే. ఒకరోజు వదిన పరీక్ష పెట్టింది. "ఏమండీ, మీ కుర్చీ పాత సామాన్లవాడికి ఇచ్చేస్తున్నాను" అంది. "ఊ" అన్నాడు. "మిమ్మల్ని కూడా కలిపి ఇచ్చేస్తున్నాను" అంది. దానికీ ఊ. వదిన ఆ సంగతి నాకు చెప్పి నవ్వింది గాని, నవ్వాక కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. గోడతో కాపురం చేస్తున్నట్టుంది అంది.

నేనొకసారి ఉండబట్టలేక అడిగేశాను. "ఏంటన్నయ్యా, దొంగ అన్నవాడికీ ఊ అన్నావు, బంగారం అన్నవాడికీ ఊ అన్నావు. నీకంటూ ఒక మాట లేదా?"

ఆయన తోలు పట్టీ మీద కత్తి అటూ ఇటూ తిప్పుతూ నవ్వాడు. "గొంతు మీద కత్తి పెట్టుకుని వాదించమంటావా అమ్మా? కాదంటే ఆయనకి కోపమొస్తుంది. కోపమొస్తే మెడ కదులుతుంది. మెడ కదిలితే తెగుతుంది. మా నాన్న నాకు ముందు నేర్పింది కత్తి పట్టుకోవడం కాదు, ఊ అనడం."

ఆ నాన్నగారు నేర్పింది ఇంకొకటి కూడా ఉంది. తల మీద చూసింది నోట రాకూడదు. ఎవరికి నడినెత్తిన జుట్టు పల్చబడిందో, ఎవరికి చెవి వెనక గడ్డ ఉందో, ఎవరు రంగేసుకుంటారో, ఎవరి పిల్లల తలలో పేలున్నాయో, అన్నీ ఆయన వేళ్ళకి తెలుసు. నోటికి తెలియదు. తల మన చేతిలో పెట్టాడంటే నమ్మాడని కదమ్మా అనేవాడు. పక్కింటాయన జుట్టు నలుపు అసలుదా కాదా అన్న చిన్న సంగతి కూడా పెళ్ళానికి చెప్పడు. ఈయన్ని కట్టుకుని నాకేం ఒరిగింది అని వదిన మొత్తుకునేది.

ఇలా ఊ అంటూ, ఏమీ చెప్పకుండా, ఆయన బతుకు సాఫీగానే వెళ్ళిపోయేది. మా వీధి చివర సినిమా హాలు అలాగే మూతపడి ఉండి ఉంటే.

సరిహద్దు అవతల ఊళ్ళు తగలబడుతున్నాయని టీవీలో చూస్తూనే ఉన్నాం. చూసి అయ్యో అనుకుని ఛానలు మార్చేవాళ్ళం. అక్కణ్ణుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయి వచ్చినవాళ్ళని ఒక పొద్దున్న లారీల్లో తెచ్చి ఆ హాల్లో దింపారు. హాల్లో కుర్చీలెప్పుడో పీకేశారు. తెర మాత్రం ఉంది. ఆ తెర కిందే చాపలు పరుచుకున్నారు. శరణార్థులు అని టీవీ వాళ్ళు అన్నారు. మేం పాపం అన్నాం. పాత బట్టలిచ్చాం, గిన్నెలిచ్చాం. చిరిగినవి నేను కుట్టి పంపాను. మా వీధి అంత మంచి వీధి ఇంకెక్కడా లేదని మాకే అనిపించింది.

ఆ పాపం అన్న మాట ఎప్పుడు జారిపోయిందో ఎవరూ గమనించలేదు. పాపం వాళ్ళు అన్నవాళ్ళం కొన్నాళ్ళకి ఉత్త వాళ్ళు అన్నాం. తర్వాత మంద అన్నారు. ఫోన్లలో ఎవరో పంపిన వీడియోలు చూసి మిడతల దండు అన్నారు. కుళాయి దగ్గర బిందెల వరస పెద్దదైతే ఈ చీడ ఎప్పుడు వదులుతుందో అన్నారు. ఎవరూ కూర్చుని ఆలోచించి అన్న మాటలు కావవి. ఒకళ్ళ నోట్లోంచి ఇంకొకళ్ళ నోట్లోకి అలా వచ్చేసేవి. ఒకరోజు నేనే బాబిన్‌కి దారం చుడుతూ, "ఇవాళ ఇంకా నీళ్ళకి రాలేదేంటవి" అన్నాను. వదిన తలెత్తి నా వైపు చూసింది. కాసేపటికి నా మాట నాకే వినిపించి మిషను ఆపాను. ఆ హాలు వాళ్ళతో నాకు ఒక్క గొడవ లేదు. నీళ్ళ దగ్గర కూడా నన్ను ముందు పట్టుకోమనేవాళ్ళు. మరి ఆ మాట నా నోట్లోకి ఎలా వచ్చిందో, ఎవరు తెచ్చి పెట్టారో అర్థం కాలేదు.

అలాంటి రోజుల్లో హాలు నుంచి ఒక పెద్దాయన సెలూనుకి వచ్చాడు. నలిగిన చొక్కా, కానీ మెడ దాకా గుండీలన్నీ పెట్టుకున్నాడు. గడ్డం గీయించుకోవాలి నాయనా అన్నాడు. మన మాటే, చివర కొంచెం సాగదీస్తాడు, అంతే తేడా. ఆయన కుర్చీలో కూర్చోగానే బెంచీ మీద పేపరు చూస్తున్న ఇద్దరూ లేచారు. మళ్ళీ వస్తాంలే అన్నారు. అన్నయ్య వాళ్ళకీ ఊ అన్నాడు.

పెద్దాయనకి అన్నీ తెలుస్తున్నాయి. అద్దంలో ఖాళీ బెంచీని చూస్తూ కదలకుండా కూర్చున్నాడు. గీయడం అయిపోయాక అన్నయ్య తువ్వాలుతో మొహం తుడుస్తూ, "తాతా, నువ్వింత దూరం రాకు. నా సెలవు రోజున నేనే అక్కడికొస్తాను" అన్నాడు. నాలుగడుగుల దూరానికి ఇంత దూరం ఏంటో.

అది జాలితో అన్నాడా, బెంచీ ఖాళీ అయిందన్న భయంతో అన్నాడా అని నేను చాలా రోజులు ఆలోచించాను. చివరికి అడిగాను కూడా. ఆయన గడ్డం గోక్కుని, "రెండూనేమో, నాకూ సరిగ్గా తెలీదమ్మా" అన్నాడు. ఆ మాటకి నాకు కోపం వచ్చింది, ఎందుకొచ్చిందో చెప్పలేను గాని వచ్చింది.

ఏదైతేనేం, మాట మీద నిలబడ్డాడు. ప్రతి సెలవు రోజూ సంచీలో కత్తెరా దువ్వెనలూ పెట్టుకుని వెళ్ళేవాడు. కుట్టిన బట్టలివ్వడానికి నేనూ ఒకసారి వెంట వెళ్ళాను. తెర కింద ఒక పాత స్టూలు వేశారు. పెద్దాయన అద్దం పట్టుకుని నిలబడ్డాడు. మగవాళ్ళు, పిల్లలు, జడలు చిక్కులుపడి విప్పలేకపోయిన ఆడపిల్లలు, అందరూ వరసలో ఉన్నారు. ఒత్తుగా జుట్టున్న ఒకమ్మాయి కత్తిరించడానికి ససేమిరా ఒప్పుకోలేదు. చివర్లు మాత్రం వేలెడు తియ్యమంది. అన్నయ్య ఆ పిల్ల నుదురు రెండు వేళ్ళతో ఆనించి పట్టుకుని, కత్తెర చెవి దగ్గరికి తెచ్చినప్పుడల్లా ఆ పిల్లకి నవ్వొచ్చేది. నవ్వితే వంకర పోతుంది తల్లీ అంటే ఇంకా నవ్వేది. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. ఆయన అన్ని మాటలాడడం నేను మా కొట్లో ఎప్పుడూ వినలేదు.

ఇంతకీ జరిగిందేంటంటే, ఆ హాలువాళ్ళని దగ్గరగా చూసిన మనిషి వీధి మొత్తానికి ఈయనొక్కడే అయ్యాడు. వీధి సంఘం అధ్యక్షుడు గారు గడ్డం గీయించుకోవడానికి వచ్చినప్పుడు ఆ ఊసే ఎత్తారు. ఆయనకి మందుల షాపు ఉంది. ఆ షాపుకన్నా సంఘం అంటేనే ఎక్కువ ఇష్టం. కూర్చోగానే మొదలుపెట్టారు. నేను గోడ ఇవతల ఒక జాకెట్టుకి హుక్కులు కుడుతున్నాను.

"ఏమయ్యా, నువ్వక్కడికి వెళ్తున్నావటగా."

"ఊ."

"తలల నిండా పేలు కుప్పలు పోసినట్టున్నాయటగా."

"ఊ."

"కురుపులు, గజ్జి, అన్నీ ఉన్నాయంటున్నారు."

"ఊ."

"మన పిల్లలకంటుకుంటే ఎవరిదయ్యా బాధ్యత? మనుషులైతే పిలిచి నాలుగు మాటలు చెప్పొచ్చు. ఇవి అసలు పేలకన్నా అన్యాయంగా పెరుగుతున్నాయి."

కొంచెం ఆలస్యమైంది. కత్తి ఒకసారి కిందికి జారి, నీళ్ళలో కడిగిన చప్పుడు కూడా వినిపించింది. ఆ తర్వాత వచ్చింది, "ఊ."

నేనేమీ అనుకోలేదు. రోజూ వినే ఊ యే కదా. హుక్కులు కుట్టుకుని జాకెట్టు మడత పెట్టేశాను.

ఆ వారమే సంఘం గదిలో మీటింగు పెట్టారు. నేను వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. హాలు ఖాళీ చేయించి వాళ్ళని ఊరి బయట రాళ్ళ క్వారీ దగ్గరున్న రేకుల షెడ్లలోకి పంపించాలని మునిసిపాలిటీని అడుగుదామన్నారు. ఆ షెడ్లు నేను చూశాను. అక్కడ నీళ్ళు లేవు, చెట్టు నీడ లేదు, రోడ్డు కూడా సగం దాకానే ఉంది. ఎవరో ఒకావిడ లేచి, పిల్లాపాపలతో అక్కడెలా ఉంటారండీ అంది. అధ్యక్షుడు గారు చెయ్యెత్తి ఆపారు.

"పేలు, రోగాలు వీధంతా పాకాక అడుగుదువుగాని. ఇది నేనంటున్నది కాదమ్మా. వాళ్ళ తలలు చేత్తో పట్టుకుని చూసిన మనిషి చెప్పాడు."

ఎవరు అని అడిగారు. ఊకొట్టాయన అన్నారు. గదంతా ఒక్కసారి ఆ... అంది. ఈయన అబద్ధం చెప్పడని అందరికీ తెలుసు. అసలేమీ చెప్పడని ఎవరికీ గుర్తు రాలేదు. నేను నోరు తెరిచి ఏదో అనబోయాను. ఏమనాలి? ఆయన చెప్పలేదండీ, ఊ మాత్రమే అన్నాడండీ అనాలా? నేనక్కడ గోడకి చెవి పెట్టుకుని కూర్చున్నానని చెప్పాలా? ఆలోచించేలోపు మీటింగు అయిపోయింది.

మర్నాడు పొద్దున్న బడి గుమ్మం దగ్గర హాలు పిల్లల్ని ఆపేశారు. లోపలికి రావొద్దన్నారు. సంచులు భుజాన వేసుకుని వచ్చిన దారినే తిరిగి వెళ్తుంటే మా కొట్ల ముందు నుంచే వెళ్ళారు. అన్నయ్య కత్తెర పట్టుకుని బయటికొచ్చి, ఏమైందిరా అని అడిగాడు. ఒక్కళ్ళూ ఆగలేదు. ఎందుకు ఆపారో ఆయనకి నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆయన నా మిషను పక్కనున్న పీట మీద కూలబడ్డాడు. "నేను చెప్పానటనా?"

"అవును."

"నేనేం చెప్పలేదమ్మా. ఊ అన్నాను."

"ఊ అంటే ఏంటన్నయ్యా మరి?"

"ఊ అంటే వింటున్నాను అని. కత్తి నడుస్తోంది, కదలకండీ అని."

"ఆ సంగతి అధ్యక్షుడు గారికి తెలుసా?"

ఆయన నా మిషను చక్రాన్ని వేలితో కొంచెం తిప్పాడు. "అందరికీ తెలుసనుకున్నాను" అన్నాడు. తర్వాత ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టుంది. "మరి కౌన్సిలరు దొంగ అని కూడా నేనే చెప్పినట్టా? మంచివాడనీ నేనే చెప్పానా? ఆ మూలింటాయన వాళ్ళ తమ్ముడు ఆస్తి కాజేశాడన్నప్పుడు ఊ అన్నాను. అదీ నేనేనా? ఇన్నాళ్ళూ ఊ అన్నవన్నీ నా మాటలేనా చెల్లెమ్మా?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"అది సరే, అసలు పేలున్నాయా లేవా?" అన్నాను.

ఆయన నా వైపు చూసిన చూపు, నేనేదో అడక్కూడని ఇంటి గుట్టు అడిగినట్టుంది. "తల మీద చూసింది చెప్పకూడదు కదమ్మా."

"ఇప్పుడా అన్నయ్యా నీ నియమాలు? వాళ్ళని ఊరి బయటికి తరిమేస్తున్నారు."

"లేవంటే అబద్ధం. ఒకరిద్దరికి ఉన్నాయి. ఉన్నాయంటే వాళ్ళ కొంప మునుగుతుంది. మన వీధి పిల్లలకీ ఉన్నాయంటే, ఎవరికో పేరు చెప్పు అంటారు. పేరు చెబితే ఇక నా చేతికి తల ఎవరిస్తారు?" రెండు చేతులూ తిప్పి తన అరచేతులు తనే చూసుకున్నాడు. "ఏ పక్క నుంచి తీసినా తెగేలా ఉందమ్మా."

మునిసిపాలిటీ నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చి విచారించి, హాలు సంగతి తేలుస్తుందని చెప్పారు. "ఒంట్లో బాగోలేదని చెప్పి పడుకోండి" అంది వదిన. ఆయన ఊ అన్నాడు. మర్నాడు లేచి కొట్టు తెరిచాడు. ఊ అంటే ఏంటో వదినకీ ఆ రోజే అర్థమైందట.

ఆఫీసరమ్మ వచ్చిన పూట సెలూను నిండా జనమే. అధ్యక్షుడు గారు ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. మొహమంతా నురగ, ఒక బుగ్గ గీయడం అయిపోయింది. నేను మిషను వదిలేసి వెళ్ళి సెలూను గుమ్మంలో నిలబడ్డాను. ఆఫీసరమ్మ లోపలికి రాలేదు, నా పక్కనే నిలబడి అడిగింది.

"హాల్లో వాళ్ళ తలలు చూసింది మీరేనా?"

"నేనేనండీ."

"పేలు, కురుపులు విపరీతంగా ఉన్నాయని చెప్పారటగా."

కత్తి అధ్యక్షుడి దవడ కింద ఆగింది. ఆయన మెడ కదల్చకుండా, పెదవులు మాత్రం కదిపి, "చెప్పవయ్యా, నాతో చెప్పిందే చెప్పు" అన్నారు.

అన్నయ్య కత్తి వెనక్కి తీశాడు. గుడ్డతో తుడిచాడు. మడిచి అద్దం ముందు పెట్టాడు. సగం మొహం నురగలో ఉండగా ఆయన కత్తి మడవడం నేనెన్నడూ చూడలేదు.

"కాదండీ" అన్నాడు.

"ఏది కాదు?"

"నేను చెప్పలేదండీ. వారు చెప్పారు. నేను ఊ అన్నాను."

బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరమ్మ మొహం చిట్లించింది. "ఊ అంటే అవుననే కదండీ."

"ఈ కుర్చీ దగ్గర కాదండీ. ఇక్కడున్నవాళ్ళనెవర్నైనా అడగండి. అందరికీ ఊ అన్నాను. ఒకళ్ళ మీద ఒకళ్ళు చెప్పినవాటికి కూడా ఊ అన్నాను."

బెంచీ మీది నవ్వు ఆగిపోయింది. అక్కడున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"మీ ఊ సంగతి నాకెందుకండీ. పేలున్నాయా లేవా, అది చెప్పండి."

"చెప్పనండీ."

"చెప్పరా?"

"ఎవరి తల సంగతీ చెప్పనండీ. వీరిది చెప్పను, వాళ్ళది చెప్పను." ఏదో వెతుక్కుంటున్నట్టు చేతులు జేబులో పెట్టి తీశాడు. "అక్కడున్నవి తలలేనండీ. ఇక్కడున్నట్టే ఉన్నాయి. చీడ అంటున్నారు, ఊ అన్నాను. దండు అంటున్నారు, ఊ అన్నాను. పట్టుకుని చూస్తే తలలే. ఒకమ్మాయికి చెవి దగ్గర చక్కిలిగింత. ఒకాయన సగంలోనే నిద్రపోతాడు. నాకింకేం తెలీదండీ."

ఆఫీసరమ్మకి కూడా పాలుపోలేదు. "ఇదంతా నేను పైవాళ్ళకి ఎలా చెప్పను? నాకు అవునో కాదో కావాలి."

"అయితే కాదనండి. నేను చెప్పానన్నది మాత్రం కాదు."

ఆమె వెళ్ళిపోయింది. సెలూన్లో ఎవరూ కదల్లేదు. అధ్యక్షుడు గారి నురగ ఆరిపోయి బుగ్గ మీద పెచ్చులు కట్టింది. లేచి వెళ్ళిపోదామంటే సగం గడ్డంతో వీధిలోకి ఎలా వెళ్తారు? "మిగతాది గీస్తావా, గియ్యవా?" అన్నారు, అద్దంలోకి చూస్తూ.

"గీస్తానండీ" అన్నాడు అన్నయ్య. మళ్ళీ బ్రష్షు తడిపాడు.

నేను నా కొట్లోకి వచ్చి కూర్చున్నాను. గోడ అవతల నుంచి కత్తి చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. అధ్యక్షుడు గారేం మాట్లాడలేదు కాబట్టి అన్నయ్య ఊ అనాల్సిన పని కూడా పడలేదు. ఇన్నేళ్ళుగా ఆ గోడ పక్కనుంటున్నాను, ఆ నిశ్శబ్దం భరించలేక మిషను తొక్కడం మొదలుపెట్టాను.

కాదు అన్న ఆ ఒక్క ముక్క పని చేసింది. ఇంకేమైనా పని చేసిందేమో కూడా, మాకెవరు చెబుతారు. మొత్తానికి హాలు ఖాళీ చేయించే మాట ప్రస్తుతానికి ఆగింది. పిల్లల్ని మళ్ళీ బడికి రానిచ్చారు. అధ్యక్షుడు గారు గడ్డం గీయించుకోవడానికి పై వీధికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆయనతోపాటు ఇంకొందరు. ఎందుకు కాదన్నావయ్యా అని అన్నయ్యని నిలదీసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మొదట్లోనే ఎందుకు అనలేదని మాత్రం ఒక్కరూ అడగలేదు. కుర్చీలో కూర్చున్నవాళ్ళు కూడా మునుపటిలా మాట్లాడడం మానేశారు. ఎవరైనా మాట్లాడితే అన్నయ్య ఊ అనాలో వద్దో తెలియక దగ్గేవాడు. నేను గోడ ఇవతల నుంచి ఆ దగ్గు వింటూ, మంచి జరిగిందా చెడు జరిగిందా అని తేల్చుకోలేకపోయేదాన్ని.

సెలవు రోజు వచ్చింది. ఆయన ఆ రోజు కొంచెం హుషారుగా ఉన్నాడు. సంచీలో కొత్త దువ్వెన ఒకటి పెట్టుకున్నాడు. "పద చెల్లెమ్మా, బట్టలిచ్చేవి ఉన్నాయన్నావుగా" అన్నాడు. ఇద్దరం కలిసి వెళ్ళాం. గొడవ వల్ల కిందటి సెలవు రోజు వెళ్ళలేదు కాబట్టి ఇవాళ వరస పెద్దదుంటుంది అంటూ నడిచాడు.

పెద్దాయన హాలు గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. రా నాయనా అన్నాడు. లేచి స్టూలు తేలేదు.

"ఇవాళ ముందు ఎవరికి తాతా?"

"ఇవాళ ఎవరికీ వద్దులే."

"జుట్లు పెరిగుంటాయి కదా."

"మేమే కత్తిరించుకుంటున్నాం."

అన్నయ్య సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "తాతా, నేను కాదన్నాను. ఆఫీసరమ్మ ముందు, అందరి ముందు కాదన్నాను. నీకు తెలీలేదా?"

"తెలుసు నాయనా. నువ్వలా అన్నావు కాబట్టే ఇంకా ఇక్కడున్నాం. ఆ మేలు మేం మర్చిపోం."

"మరి?"

పెద్దాయన వెనక్కి తిరిగి లోపలికి చూశాడు. మేమూ చూశాం. తెర కింద ఆడపిల్లలు కూర్చుని ఏదో ఆడుకుంటున్నారు. మమ్మల్ని చూడగానే మాటలు ఆగిపోయాయి. ఒత్తుగా జుట్టున్న ఆ అమ్మాయి భుజం మీది గుడ్డ తీసి తల మీద కప్పుకుంది. పక్కనున్న పిల్లలు ఆమెని చూసి తామూ కప్పుకున్నారు. గుడ్డ లేని ఒక చిన్నది రెండు అరచేతులూ నెత్తి మీద పెట్టుకుంది.

"వాళ్ళకి నీ ఊ తెలీదు, నీ కాదు తెలీదు" అన్నాడు పెద్దాయన, నెమ్మదిగా. "బడి దగ్గర తిప్పి పంపినప్పుడు, మీ తలలు చూసినాయనే చెప్పాడు అని చెప్పి పంపారు. అదొక్కటే వాళ్ళు విన్నారు. నేను చాలా చెప్పి చూశాను నాయనా. నువ్వొస్తున్నావంటే చాలు, తల కప్పుకుంటున్నారు. ఏం చెయ్యమంటావు?"

అన్నయ్య నా వైపు తిరిగాడు. నేనేదో చెబుతానని చూశాడు. గోడ అవతల మాటలన్నీ విన్నదాన్ని, తెచ్చిన బట్టలు గుమ్మం పక్కన పెట్టాను. నాకు ఆయన మీద జాలి వేసింది, ఆ పిల్లల మీదా జాలి వేసింది, ఎవరి పక్కన నిలబడాలో కాళ్ళకి తోచలేదు.

వెళ్ళిపోదామని ఆయన వెనక్కి అడుగు వేశాడు. అప్పుడు పెద్దాయన చొక్కా పై గుండీ విప్పి, మెడ చాపి, "నాకు గీసి వెళ్ళు" అన్నాడు.

గుమ్మంలోనే, ఎండలోనే గీశాడు. ఎక్కడా తెగలేదు. లోపల పిల్లలు తలలు కప్పుకుని, మేమెప్పుడు వెళ్తామా అని చూస్తూ కూర్చున్నారు.